పాత మందుసీసాల ఆనవాళ్లు

ప్రాచీనమైన మందుసీసా వయస్సును నిర్ణయింపదలచిన వారు మొదట దాని అడుగును, పిదప మూతిని పరీక్షింపవలెను. అడుగున గరుకైన గుండ్రని మచ్చ యున్నచో, అది గొట్టముతో ఊదిన సీసాను ఇనుపకడ్డీకి అంటించి, మూతి తీర్చి, పిమ్మట విరిచి వేరుచేసిన హస్తకౌశలమునకు గుర్తు. అచ్చుగీత మూతి అంచువరకు ప్రాకినచో, అది సాధారణముగా 1903లో అమెరికాలో మైకేల్ ఓవెన్స్ రూపొందించిన, సీసాలు చేయు స్వయంచాలక యంత్రము వెలసిన తరువాతి కాలమునకు చెందినది. ముదురు గోధుమవన్నె గాజు వెలుతురునకు చెడు ఔషధములను రక్షించును. ఇంగ్లండులో విషద్రవ్యములకు వాడిన నీలి సీసాలపై నిలువు గీరలు ఉబ్బెత్తుగా పోసిరి. చీకటిలో తడుముకొన్నను వ్రేళ్లకే హెచ్చరిక అందవలెనని తయారీదారుల సంకల్పము. మన కాంపౌండర్లు మిక్శ్చరు సీసాకు అంటించిన కాగితపు పట్టీలో ఒక్కొక్క గాటు ఒక్కొక్క మోతాదును తెలిపెడిది. ఇట్టి సీసాలు మీ యింట నున్నచో పారవేయక, లేబులు తడవకుండ భద్రపరచుడు. లోపల మిగిలిన ద్రవమును మాత్రము ముట్టకుడు.