ఆ పాఠంలో మీ చెయ్యి కనపడాలి

(బి.ఇడి., డి.ఇడి. చదువుతున్న విద్యార్థులతోనూ, వాళ్ళ ప్రాజెక్టులు చూసే అధ్యాపకులతోనూ మాట్లాడిన ప్రసంగ పాఠం)



టర్ము అయిపోవస్తోంది. అందరి మొహాల్లోనూ ఒకటే దిగులు. టెక్నాలజీ ప్రాజెక్టు ఎప్పుడివ్వాలి? ఎన్ని పేజీలుండాలి? కలర్ ప్రింటు తియ్యాలా? వారం నుంచి నన్ను ఇవే అడుగుతున్నారు. ఏ పాఠం తీసుకోవాలి, ఏ పిల్లలకు చెప్పాలి అని మాత్రం ఒక్కరూ అడగలేదు. తప్పు మీదని నేననను. అట్లా అడగడం మేమే నేర్పలేదు.

ఇక్కడ ఊరివాళ్ళు కూడా కూర్చున్నారు గనక సంగతేందో చెబుతాను. 2014లో ఎన్.సి.టి.ఇ. నిబంధనలు మార్చింది. 2015 నుంచి బి.ఇడి. రెండేళ్ళ చదువయింది. కంప్యూటరు, ఫోను, వీడియో లాంటివి బడి పాఠానికి ఎట్లా వాడుకోవాలో నేర్పే భాగం ఒకటి అందులో చేరింది. చదివి రాసేది కాదు, చేసి చూపించేది. చేసి చూపించమన్నచోటే కొనుక్కోవడం మొదలైంది.

నా కళ్ళతో చూసింది చెబుతాను. ఒకమ్మాయి జీర్ణవ్యవస్థ మీద ప్రాజెక్టు తెచ్చింది. ఇరవై స్లైడులు. స్లైడంటే తెర మీద ఒకదాని వెంట ఒకటి వచ్చే పలక అనుకోండి. అంతా ఇంగ్లీషే. బొమ్మలు తళతళా మెరుస్తున్నాయి. "నాలుగో పలకలో ఈ గొట్టం ఏందమ్మా?" అని అడిగాను. తల దించుకుంది. జిరాక్సు షాపులో పెన్‌డ్రైవు నింపించుకొచ్చింది. అందరి ముందూ కోప్పడ్డాను.

తర్వాత తెలిసింది. ఇంట్లో కంప్యూటరు లేదు. ఉన్న ఒక్క ఫోనూ అన్నది, రాత్రి తొమ్మిది దాటితే గానీ ఆమె చేతికి రాదు. కాలేజీ ల్యాబుకేమో తాళం. తాళంచెవి ఉన్నాయన సెలవు. సెలవుల్లో మిరపకాయ కోతకు పోయి తెచ్చుకున్న కూలి డబ్బు షాపువాడి చేతిలో పోసింది. మరి కోప్పడాల్సింది ఎవరి మీద? టర్మంతా ఆమెను "ఎప్పుడిస్తావు" అని అడిగానే గానీ "దేంతో చేస్తావు" అని ఒక్కసారన్నా అడిగానా?

2017-18లో జరిగిన జాతీయ నమూనా సర్వే ప్రకారం పల్లెల్లో వంద ఇళ్ళలో కంప్యూటరున్నవి నాలుగో అయిదో. ఇంటర్నెట్టు ఉన్నవి 15. ఆ తర్వాత ఫోన్లు బాగా పెరిగాయి, కాదనను. కానీ ఇంట్లో ఫోనుంటే ఆడపిల్ల చేతిలో ఉన్నట్టా? అందుకని గైడు మాస్టర్లకు నా మనవి. టర్ము మొదటి వారంలోనే ఒక కాగితం తియ్యండి. ఎవరి దగ్గర ఏముంది, రోజుకెంతసేపు దొరుకుద్ది, ఇంటి దగ్గర సిగ్నలుందా రాసుకోండి. ఆ కాగితం చూసి పనివ్వండి. ల్యాబు ఏ రోజు ఏ గంటకు తెరుస్తారో గోడ మీద అంటించండి.

ఇక గ్రూపుల సంగతి. అయిదుగురిని ఒక గ్రూపు చేస్తాం. ల్యాప్‌టాప్ ఉన్నవాడు అందులో దొర. నొక్కేది అతనే. మిగతావాళ్ళు వెనక నిలబడి చూస్తుంటారు. మన పిల్లలకు చార్టు అంటించే పని, బల్లలు జరిపే పని, టీ తెచ్చే పని. చివర్న పేర్లు మాత్రం అయిదూ ఉంటాయి. బావి దగ్గర చేద ఎవరు ముట్టుకోవచ్చో ఎవరు ముట్టుకోకూడదో చెప్పిన ఊళ్ళలోంచి వచ్చినవాళ్ళం మనం. మౌసు దగ్గర అదే జరుగుతుంటే మనం గాక ఇంకెవరు గుర్తుపడతారు? గ్రూపులో ప్రతి ఒక్కరూ ఒక్క పలకన్నా గైడు ఎదురుగా కూర్చుని సొంతంగా తయారు చెయ్యాలి. రాకపోతే పక్కనే కూర్చుని నేర్పాలి. నేర్పడానికే గదా గైడు ఉంది.

మంచి ప్రాజెక్టు ఎట్లా ఉంటదో కూడా చెబుతాను. ఇంకో అమ్మాయి టీచింగ్ ప్రాక్టీసుకు పోయిన ప్రాథమిక బడిలో గాజు గ్లాసులో తడి దూది పెట్టి, గ్లాసు గోడకానించి అలసంద గింజలు పెట్టింది. పక్కన స్కేలు నిలబెట్టింది. రోజూ పొద్దున ఒకే చోట నిలబడి, అరువు తెచ్చుకున్న ఫోనుతో ఒక ఫోటో. వారం రోజులు. మూడో రోజుకు వేరు బయటికొచ్చింది. ఒక గింజను కావాలనే తలకిందులుగా పెట్టింది. దాని వేరు కూడా వంకర తిరిగి కిందికే పోయింది. ఫోటోలు వరసగా పేర్చి, తన మాటలోనే, మన పల్లె యాసలోనే వివరం చెప్పి రికార్డు చేసింది.

పాఠం చెప్పే రోజు బడిలో కరెంటు లేదు. అయిదుగురు అయిదుగురు పిల్లల్ని కూర్చోబెట్టి ఫోన్లోనే చూపించింది. అయిదో రోజు ఫోటో లేదు, ఫోను తమ్ముడు పనికి పట్టుకుపోయాడు. ఆ ఖాళీ దాచిపెట్టలేదు. "ఈ రోజు ఏం జరిగుంటది? మీరే బొమ్మెయ్యండి" అని పలకలిచ్చింది. ఒక పిల్లోడు "చీకట్లో పెడితే మొలుస్తదా టీచర్?" అన్నాడు. "పెట్టి చూద్దాం రా" అంది. ప్రాజెక్టంటే అదీ! మా తోటి మాస్టారొకాయన "యానిమేషన్ లేదు" అని మార్కులు కొయ్యబోయారు. ఆయనతో అరగంట పోట్లాడాల్సొచ్చింది.

యంత్రం రావడం, పోవడం కొత్త కాదు. 1975 ఆగస్టు 1న అమెరికా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లో 2400 ఊళ్ళకు టీవీ పాఠాలు మొదలయ్యాయి. అందులో మన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఏడాది తిరిగేసరికి ఉపగ్రహాన్ని వాళ్ళు తీసుకుపోయారు. 2004లో మన ఎడ్యుశాట్ శ్రీహరికోట నుంచి లేచింది. 2020లో బడులు మూసినప్పుడు దూరదర్శన్‌లో పాఠాలొచ్చాయి. 2023 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ బడుల గోడలకు పెద్ద పెద్ద టచ్ తెరలు పెట్టారు. మీకు ఉద్యోగమొచ్చిన బడిలో ఏముంటదో, ఏం చెడిపోయి ఉంటదో ఎవరు చెప్పగలరు? కొనుక్కున్న పెన్‌డ్రైవు ఆ తెర మీద తెరుచుకోకపోతే, ముప్పై మంది పిల్లల ముందు నిలబడేది మీరే. ఆ మాస్టారికి ఏమీ రాదు, కోటాలో వచ్చాడు అని నవ్వడానికి కాచుకున్నవాళ్ళున్నారు. వాళ్ళకా అవకాశం మనమే డబ్బిచ్చి కొనిపెట్టడమేంది?

ఇంకొక్క మాట. ప్రాజెక్టు కోసమని పిల్లల మొహాలు ఫోటో తీసి స్టేటసుల్లో పెట్టొద్దు. చిరిగిన చొక్కా, చెప్పుల్లేని కాళ్ళు చూపించి మార్కులు తెచ్చుకోవడం అసలే వద్దు. గింజను తియ్యండి, చేతుల్ని తియ్యండి. మొహం తియ్యాలంటే తల్లినో తండ్రినో అడగండి.

ఇంకా మూడు వారాలుంది. సోమవారం రండి. ఫోను అక్కర్లేదు, తెల్లకాగితం, పెన్సిలు చాలు. ఏ పాఠం, ఏ తరగతి, పిల్లలకు ఎక్కడ అర్థం కావడం లేదు, దానికి ఏం చూపిస్తారు. ఈ నాలుగూ రాసి, చూపించేది చేత్తోనే బొమ్మేసి తీసుకురండి. అది కుదిరాకే మిషను ముట్టుకుందాం. షాపులో ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చినవాళ్ళుంటే సిగ్గుపడకుండా చెప్పండి, ఈసారి కోప్పడను. ల్యాబు తాళం సంగతి రేపు ప్రిన్సిపాలు గారి దగ్గరికి పోయి అడుగుతాను. ఒక్కణ్ణే పోతే చూద్దాం అంటారు. మీరూ రండి.