బండి తాళంతో పాటు రెండు హెల్మెట్లు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

పొద్దుటి నుంచి పాత జ్ఞాపకాలు చాలా విన్నాం. నాకిచ్చిన పది నిమిషాలు వేరే సంగతికి వాడుకుంటాను. ఇంజనీరుగా నాకు కాస్త తెలిసినది, ఇక్కడున్న ప్రతి ఇంటికీ సంబంధించినది. మన పిల్లల బైకులు, స్కూటర్ల సంగతి.

మా రోజుల్లో సైకిలుంటే గొప్ప. ఇప్పుడు గిద్దలూరులో బండి లేని ఇల్లు అరుదు. రాచర్ల పోవాలన్నా, కొమరోలు పోవాలన్నా, చేనికి పోవాలన్నా బండే. పిల్లలు ఇక్కడే నేర్చుకుంటారు. ఇంటర్ అయ్యాక చదువుకో ఉద్యోగానికో హైదరాబాదు, బెంగళూరు చేరతారు. వెనకాలే మనం బండి కొని పంపుతాం. ఇక్కడ నంద్యాల రోడ్డులో ఎదురుగా వచ్చే లారీ దూరం నుంచే కనపడుతుంది. అమీర్‌పేటలోనో కూకట్‌పల్లిలోనో ప్రమాదం మూరెడు దూరంలో ఉంటుంది. బండి నడపడం వచ్చినవాడికి రద్దీలో నడపడం వచ్చినట్టు కాదు.

కేంద్ర రవాణా శాఖ లెక్క ఒకటి చెబుతాను. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 74,897 మంది ద్విచక్ర వాహనాల మీద వెళ్లినవారు. హెల్మెట్ లేకుండా చనిపోయినవారు 50,029 మంది. అందులో 14,337 మంది వెనక కూర్చున్నవారు. ఈ చివరి అంకె గుర్తుపెట్టుకోండి. హెల్మెట్ అంటే నడిపేవాడికే అనుకుంటాం. వెనకున్న అమ్మకో, చెల్లెలికో, స్నేహితుడికో అది ఉండదు.

"ట్రాఫిక్‌లో ఇరవైకి మించి పోము, హెల్మెట్ ఎందుకు?" అని పిల్లలు అడుగుతారు. జవాబు ఈ బడిలో నేర్పిన చలన సమీకరణాల్లోనే ఉంది. ఆగి ఉన్న బండి మీద నుంచి పడినా, అయిదడుగుల ఎత్తు నుంచి తల నేలకు తగిలే వేగం గంటకు సుమారు 20 కిలోమీటర్లు. గట్టి రోడ్డు మీద ఆ వేగమంతా రెప్పపాటు కూడా పట్టకుండా ఆగిపోతుంది. హెల్మెట్ లోపలి థర్మోకోల్ లాంటి పొర నలిగి, ఆ ఆగడాన్ని కాస్త సాగదీస్తుంది. ప్రాణం నిలిచేది ఆ కాస్తలోనే. అందుకే ఒకసారి గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగున్నా పనికిరాదు. పట్టీ బిగించని హెల్మెట్ తలకంటే ముందే ఎగిరిపోతుంది. ట్యాంకు మీద పెట్టినది ట్యాంకును కాపాడుతుంది. కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తు చూడండి. 2021 జూన్ నుంచి ఆ గుర్తు లేనివి అమ్మడమే నేరం.

అవే సమీకరణాలు ఇంకో మాట చెబుతాయి. వేగం రెట్టింపైతే బ్రేకు వేశాక ఆగే దూరం నాలుగు రెట్లవుతుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో, కంటికి కనపడి చెయ్యి బ్రేకు నొక్కడానికి పట్టే ఒక్క సెకనులోనే బండి 11 మీటర్లు పోతుంది. ముందు కారుకూ మనకూ మధ్య అంత జాగా వదిలేవాళ్లు ఎందరు? చాలామంది వెనక బ్రేకు ఒక్కటే తొక్కుతారు. బ్రేకు పడగానే బరువు ముందు చక్రం మీదికి వస్తుంది కాబట్టి పట్టు దానికే ఎక్కువ. రెండూ కలిపి వెయ్యాలి. 2019 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లకు ఏబీఎస్ గానీ సీబీఎస్ గానీ తప్పనిసరి చేసింది ఇలాంటి కారణాల వల్లే.

నగరంలో పిల్లలకు చెప్పాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. బస్సుకూ ఫుట్‌పాత్‌కూ మధ్య సందులో దూరొద్దు. బస్సు ఎడమకు తిరిగితే డ్రైవరుకు మీరు కనపడరు. అతని అద్దం మీకు కనపడకపోతే అతనికి మీరు కనపడనట్టే. ఆగి ఉన్న కారు తలుపు ఎప్పుడైనా తెరుచుకోవచ్చు, ఒక బారెడు ఎడం పాటించండి. తొలి వానకు రోడ్డు మీది నూనె, దుమ్ము కలిసి సబ్బులా జారుతుంది. ఫ్లైఓవర్ల మీది ఇనుప అతుకులు, మ్యాన్‌హోల్ మూతలు ఇంకా జారతాయి. వాటి మీద బ్రేకు వెయ్యొద్దు, బండి వంచొద్దు. వెనక కూర్చునే ఆడపిల్లలు చున్నీ, పైట కొంగు చుట్టి ముడేసుకోవాలి. మెట్రో ఉన్న చోట స్టేషను దాకా బండి మీద వెళ్లి, అక్కడ పెట్టి రైలెక్కితే సగం ప్రమాదం తప్పినట్టే.

ఇక పెద్దవాళ్లకు. బిడ్డ బండి మీద ఉన్నాడని తెలిసీ ఫోన్ మీద ఫోన్ చెయ్యకండి. "ఎత్తలేదేంరా" అని కోప్పడకండి. ఎత్తకపోవడమే మంచి అలవాటు.

బడి పిల్లలకు బండి ఇచ్చే విషయంలో మొహమాటం లేకుండా చెబుతాను. గేరు బండికి 18 ఏళ్లు నిండాలి. 16 ఏళ్లకు ఇచ్చే లైసెన్సు 50 సీసీ లోపు గేరు లేని బండికే. మన ఇళ్లలోని స్కూటర్లు దాదాపు అన్నీ అంతకు మించినవే. 2019 సవరణ చట్టం ప్రకారం మైనరు నడిపి నేరం చేస్తే తండ్రికో, బండి యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. చట్టం మాట అటుంచండి. మన దగ్గర తలకు పెద్ద దెబ్బ తగిలితే నంద్యాలకో, కర్నూలుకో, ఒంగోలుకో పరుగెత్తాలి. దారిలో పోయే ఆ గంటలు ఎంత ఖరీదైనవో ఇక్కడ తెలియని కుటుంబం లేదు.

సంఘానికి నా విన్నపాలు రెండు. ఏటా పదో తరగతి పిల్లలు బడి వదిలే ముందు ఒక పూట ఈ పాఠం చెప్పిద్దాం. బ్రేకు దూరాన్ని మైదానంలో సున్నం గీతలు గీసి చూపిద్దాం. మనలో ఇంజనీర్లు, డాక్టర్లు, పోలీసు శాఖలో పనిచేసేవాళ్లు ఉన్నారు, వంతులు వేసుకుందాం. రెండోది, బహుమతిగా ఇచ్చే షీల్డుల బదులు ఐఎస్ఐ హెల్మెట్లు ఇద్దాం. పదో తరగతి పిల్లలకు బండి నడిపే వయసు రాకపోవచ్చు, వెనక కూర్చునే వయసు వచ్చింది. చట్టం నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరూ హెల్మెట్ పెట్టుకోవాలనే అంటోంది. మొదటి ఏడాది హెల్మెట్ల ఖర్చు మా బ్యాచ్ పెట్టుకుంటుంది.

ఇంటికి వెళ్లాక బిడ్డకు బండి కొనే ఆలోచన ఉంటే, తాళంతో పాటు రెండు హెల్మెట్లు చేతిలో పెట్టండి. ఒకటి వాడికి, ఒకటి వాడి వెనక కూర్చునే మరో ఇంటి బిడ్డకు.