చెరువు గట్టు నుంచి సముద్రం ఒడ్డుకు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇట్లాంటి సభలో ఎవరెవరు ఎంత పైకొచ్చినారో చెప్పడం మామూలు. నేను మాత్రం మొన్న ఎండాకాలంలో మా బ్యాచి వాళ్లం చేసిన రెండు రోజుల ప్రయాణం గురించి చెబుతాను. ఎందుకో చివర్లో మీకే తెలుస్తుంది.

ఐరాలలో పుట్టినోళ్లకు నీళ్లంటే చెరువు, బావి. బాహుదా పారితే అదే పండగ. ఉమ్మడి చిత్తూరు జిల్లాకు సముద్రమే లేదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు మనం చిత్తూరు జిల్లాలోనే ఉండిపోయినాం. నెల్లూరు జిల్లా నుంచి సూళ్లూరుపేట, వాకాడు తిరుపతి జిల్లాలో కలిసినాయి. అంటే సముద్రం మన పక్కింటికి వచ్చిందన్న మాట.

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు బడి నుంచి మద్రాసుకు ఎక్స్‌కర్షన్ వేసినారు. మెరీనా బీచి చూపిస్తామన్నారు. తలా పదిహేను రూపాయలు. ఆ ఏడు వానల్లేక మా శెనక్కాయ చేను ఎండిపోయింది. నాయన్ను డబ్బులు అడగడానికి నోరు రాలేదు. జ్వరమని చెప్పి ఇంట్లో ఉండిపోయినాను. వెళ్లొచ్చినోళ్లు నెల రోజులు అలల గురించే మాట్లాడుకున్నారు. ఆ తర్వాత ఉద్యోగరీత్యా ఎన్నో ఊళ్లు తిరిగినా, ఆ అబద్ధం మాత్రం ముల్లులా గుచ్చుకుంటూనే ఉండింది.

మొన్న మే నెలలో మేం ఏడుగురం ఒక వ్యాను మాట్లాడుకుని, మా సోషల్ అయ్యవారిని కూడా పిలుచుకుపోయినాం. ఆయనకు ఎనభై నాలుగేళ్లు. తెల్లారుజామున చిత్రాన్నం మూట కట్టుకుని తిరుపతి, శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా ముందు నేలపట్టు చేరినాం. అక్కడి చెరువులో నీళ్లలో నిలబడిన చెట్ల మీద గూడబాతులు గూళ్లు పెడతాయి. మేం పోయేటప్పటికి చాలా పక్షులు వెళ్లిపోయినాయి. వాటి రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పైర్లకు మంచి బలమని ఆ ఊరివాళ్లు చెప్పినారు. చెరువు కింద సేద్యం చేసే మనకు ఆ మాట వెంటనే అర్థమైంది.

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట రోడ్డు పులికాట్ సరస్సు మధ్యలో పోతుంది. మన దేశంలో చిలికా తర్వాత ఇదే పెద్ద ఉప్పునీటి సరస్సు. దానికీ సముద్రానికీ మధ్య అడ్డంగా ఉన్న దీవే శ్రీహరికోట. 1971 నుంచి రాకెట్లు ఎగిరేది అక్కడినుంచే. మేం చూసినప్పుడు రోడ్డుకు రెండు పక్కలా నీళ్లు ఇంకిపోయి బురద బీటలు వేసి ఉంది. మన చెరువే గుర్తొచ్చింది.

రెండో రోజు వాకాడు మీదుగా తూపిలిపాళెం పోయినాం. చంద్రగిరి కొండల వైపు పుట్టి తిరుపతి పక్కగా పారే స్వర్ణముఖి చివరికి సముద్రంలో కలిసేది ఆ వైపే. ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు సముద్రంలో చేపల వేట నిషేధం కాబట్టి పడవలన్నీ ఇసుక మీద వరసగా ఉన్నాయి. నీడలో కూర్చుని వలలు బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన్ను సరస్సు ఎందుకిట్లా ఎండిపోతుందని అడిగినాం. "ముఖద్వారాలు ఇసుక మేటేసి పూడిపోతా ఉండాయన్నా. సముద్రం నీళ్లు లోపలికి రాకపోతే రొయ్యా రాదు, చేపా రాదు. మీ చెరువుకు వంక పూడిపోతే ఎట్టనో మాకూ అట్టనే" అన్నాడు. అయ్యవారు నా వైపు తిరిగి, "ముప్పయ్యేళ్లు చెప్పిన పాఠం ఈయన మూడు ముక్కల్లో చెప్పేసినాడు" అన్నారు.

దగ్గర్లోనే దుగరాజపట్నం. ఇంగ్లీషువాళ్లు 1626 ప్రాంతంలో ఆర్మగాన్ పేరుతో అక్కడ వర్తక స్థావరం పెట్టుకున్నారు. అక్కడ పనిచేసిన ఫ్రాన్సిస్ డే 1639లో దక్షిణంగా పోయి, చంద్రగిరి రాజుల కింద ఉన్న దామర్ల నాయకుల దగ్గర స్థలం సంపాదించినాడు. అదే మద్రాసు అయింది. నేను చూడలేకపోయిన మద్రాసుకు ఒక కొస మన చంద్రగిరిలో, ఇంకో కొస ఈ పల్లెలో ఉన్నాయని అయ్యవారు ఇసుకలో కర్రతో గీసి చూపించినారు.

అప్పుడు చెప్పినాను. "సార్, ఆ రోజు నాకు జ్వరం లేదు."

ఆయన నవ్వలేదు. "తెలుసు. ఆ రోజు హాజరుపట్టీలో నువ్వొక్కడివే కాదు, పదకొండు మందికి జ్వరం రాసుకున్నాను. అందరిదీ ఒకటే జ్వరం. ఆ పదకొండు మందికీ నేనేమీ చేయలేకపోయినాను" అన్నారు. అలలు వచ్చి మా కాళ్లు తడుపుతున్నాయి. చాలాసేపు మేమెవ్వరం మాట్లాడలేదు.

మిత్రులారా, ఇదీ నేను చెప్పాలనుకున్నది. మన సంఘం ఏటా తొమ్మిదో తరగతి పిల్లలందర్నీ పులికాట్‌కు, సముద్రానికి తీసుకుపోవాలి. జనవరిలో అయితే పక్షులు కూడా ఉంటాయి. ఎవరి దగ్గరా ఒక్క రూపాయి తీసుకోకూడదు. ఇవ్వగలిగిన వాళ్ల దగ్గర కూడా వద్దు. ఎవరు ఇచ్చినారు, ఎవరు ఇవ్వలేదు అనే లెక్క మొదలైతే జ్వరాలు కూడా మొదలవుతాయి. మొదటి ఏడు బస్సు ఖర్చు మేం ఏడుగురం పెట్టుకుంటాం. రెండో ఏడు నుంచి మీరు చెయ్యి కలపండి.

అయ్యవారు ముందు వరసలో కూర్చొని వింటున్నారు. వచ్చే జనవరిలో బస్సు బయలుదేరేటప్పుడు హాజరు ఆయనే పిలవాలని నా కోరిక. ఆ పట్టీలో ఒక్క జ్వరం కూడా ఉండకూడదు.