అడవికి నిప్పు, చెరువుకు ముప్పు
(రైతుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



సస్యశాస్త్రము బోధించువాడు అడవిని గురించి మాట్లాడనేల అని మీకు తోచవచ్చును. మీ ఊరి చెరువులోనికి నీరు ఎక్కడనుండి వచ్చుచున్నదో తలచుకొనుడు. గుట్టమీది అడవి నుండియే గదా! గుట్ట బాగుండిన చెరువు నిండును. చెరువు నిండిన బావులలో ఊట నిలుచును. కనుక అడవి మాట సేద్యపు మాటయే.

అడవి అందరికీ కావలెను. గొర్రెల కాపరులకు మేత కావలెను. ఇప్పపూవు ఏరువారికి చెట్టుక్రింద నేల శుభ్రముగా ఉండవలెను. తునికాకు కోయువారికి లేత చిగురు కావలెను. మనకు వంటచెరకు, కలప, నీరు కావలెను. వీటిలో ఏదియు తప్పు కాదు. అయితే తేలిక యని చాలమంది పట్టిన ఉపాయము అగ్గిపుల్ల. ఫిబ్రవరి మొదలు జూన్ వరకు మన ఆకురాల్చు అడవులలో నేలంతయు ఎండుటాకే. ఆ దినములలో రేగు మంటలు చాలవరకు మనుష్యులు పెట్టినవో, అజాగ్రత్తవలన అంటుకొన్నవో అగును.

మంటవలన లాభమే లేదని నేననను. కాలినచోట లేత గడ్డి లేచును. పశువులు ఇష్టముగా మేయును. కాని నష్టము కూడ చూడుడు. రాలిన ఆకు నేలకు కప్పిన గొంగడి వంటిది. అది చినుకు దెబ్బను కాచి, నీటిని ఇంకనిచ్చును. ఆకు కాలినచో అందలి నత్రజని చాలవరకు పొగతో పోవును. బూడిదలో మిగిలిన పొటాషు, సున్నము వానకు కొట్టుకొనిపోవును. వాటి వెంట మన్నును కదలును. చిన్న మొక్కలు మాడిపోవును. ముసలి చెట్లు పడిననాడు వాటి చోట నిలుచునవి ఉండవు.

గుట్ట కాలిన ఒక ఊరికి తొలివానల నాడు వెళ్లితిని. చెరువులోనికి వచ్చిన నీరు నల్లగా ఉండెను. తూము దగ్గర ఇసుక మేట వేసెను. నిప్పు ఎవరు పెట్టిరని ఒక ఆయకట్టు రైతును అడిగితిని. ఆయన కొంతసేపు పలుకలేదు. తరువాత, "నా గట్టుమీది కంప కాల్చుచుండగా గాలి తిరిగినదండీ" అనెను. ఆయన మడికి నీరిచ్చునదియు ఆ చెరువే.

కనుక ఈ పనులు చేయుడు:

1. అడవి అంచు చేలలో కొయ్యకాలు, కంప కాల్చవద్దు. కొయ్యకాలు కలియదున్నుడు, మెత్తని చెత్తను కంపోస్టు గుంటలో వేయుడు.

2. జనవరిలోనే మీ చేని అంచున, అడవి వైపు, బండిబాట వెడల్పున గడ్డి చెక్కి మన్ను కనబడునట్లు చేయుడు. మంట అక్కడ ఆగుటకు వీలుండును.

3. ఇప్పచెట్టు క్రింద ఆకు ఊడ్చుడు, లేదా పాత చీరలు పరచుడు. తునికి పొదలను ముందుగా కొట్టినచో నిప్పు లేకుండనే మంచి చిగురు వచ్చును.

4. గట్లమీద గిరిపుష్పము, అవిసె, సుబాబుల్ పెంచుడు. గిరిపుష్పము రెమ్మలు పచ్చిరొట్టకు, తక్కినవి ఇతర మేతతో కలిపి పశువులకు పనికివచ్చును. అడవిపై భారము తగ్గును.

ఇవన్నియు ఒక్క రైతువలన కావు. ఆంధ్రప్రదేశ్‌లో 1992 నుండి వన సంరక్షణ సమితులు ఏర్పడినవి. 2006 నాటి అటవీ హక్కుల చట్టము అడవిని కాపాడుటలో గ్రామసభకు అధికారమిచ్చినది. భారత అటవీ సర్వే సంస్థ ఉపగ్రహములతో మంటలను గుర్తించి, పేరు నమోదు చేసుకొన్నవారికి సందేశములు పంపుచున్నది. కాని ఉపగ్రహము చూచునది మంట లేచిన తరువాత. గాలి తిరుగకముందే చూడగలవారు మీరే.

ఫిబ్రవరి రాకముందే కాపరులను, ఆకు కోయువారిని, పూవు ఏరువారిని పిలిచి రచ్చబండ దగ్గర కూర్చుండుడు. ఎవరికి ఏమి కావలెనో వినుడు. ఏ వైపు మేపవలెనో, ఏ వైపు గడ్డి కోసుకొని మొక్కలను ఎదుగనీయవలెనో అందరును కలిసి నిర్ణయించుకొనుడు. నిప్పు మాత్రము వద్దని ఒప్పందము చేసికొనుడు.