మంత్రసానికి పీట వేయుడు

(ప్రసూతి సేవలను గూర్చి యొక మహిళాసభలో గావింపబడిన యుపన్యాసము)



ప్రసూతి సేవలను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని మీరు నన్ను కోరితిరి. ఇది స్త్రీల విషయమని తలచి పురుషులు సభలో వెనుకకు జరిగి కూర్చుండుట కలదు. కాని కూతురు పురిటికి పుట్టినింటికి వచ్చినపుడు ఆమెను ఏ యాసుపత్రికి గొనిపోవలెనో, ఎంత సొమ్ము వ్యయపరుపవలెనో, ఏ కాగితముపై సంతకము చేయవలెనో నిర్ణయించువారు తరచుగా పురుషులే. కావున నా మనవి యుభయులకును సమానమే.

మొదట మనము సాధించినదానిని చెప్పుకొందము. 1946లో వెలువడిన భోర్ సంఘ నివేదిక యంచనా ప్రకారము ఆనాడు మన దేశమున వేయి కాన్పులకు సుమారు 20 మంది తల్లులు మరణించుచుండిరి. అనగా లక్షకు 2,000. 2018-20 సంవత్సరముల నమూనా నమోదు లెక్కలలో ఆ సంఖ్య లక్షకు 97కు దిగెను. ఆంధ్రప్రదేశ్‌లో 45, తెలంగాణలో 43. ఇది సామాన్య విజయము కాదు. 2005లో మొదలైన జననీ సురక్షా యోజన, అదే యేట తెలుగునాట రోడ్డెక్కిన 108 వాహనములు, వాడవాడల తిరుగు ఆశా కార్యకర్తలు కలిసి కాన్పును ఇంటినుండి యాసుపత్రికి చేర్చిరి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో రెండు తెలుగు రాష్ట్రములందును నూటికి 96కు మించిన కాన్పులు ఆసుపత్రులలోనే జరిగినట్లు తేలినది.

అయితే ఆ సర్వేలోనే మరియొక లెక్క కలదు. అది చదివినవారికి ఈ సంతోషము నిలువదు. తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు కడుపుకోసి బిడ్డను దీసినవి. ఆంధ్రప్రదేశ్‌లో 42.4. దేశమంతటి సగటు 21.5 మాత్రమే. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రులలో 81.5, ప్రభుత్వ ఆసుపత్రులలో 44.5, ఆంధ్రప్రదేశ్ ప్రైవేటు ఆసుపత్రులలో 63, ప్రభుత్వ ఆసుపత్రులలో 26.6. జనసంఖ్య మొత్తముమీద సిజేరియన్లు నూటికి 10ని మించినచో తల్లీబిడ్డల మరణములు అందువలన ఇంకను తగ్గుట కానరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ప్రకటించినది. కేరళమును చూడుడు. అచ్చట కోతకాన్పులు 38.9, తల్లుల మరణములు 2018-20లో లక్షకు 19. కత్తి మనకంటె తక్కువ, మరణము మనలో సగమునకు లోపు. మన కత్తి యంతయు ప్రాణరక్షణకే యని యెట్లు నమ్మవచ్చును?

నన్ను అపార్థము చేసికొనవలదు. బిడ్డ అడ్డము తిరిగినపుడు, మాయ గర్భద్వారమును కప్పినపుడు, బొడ్డుత్రాడు ముందుగా జారినపుడు శస్త్రచికిత్స తల్లికిని బిడ్డకును ప్రాణదాత. అట్టి సమయమున దానికి నోచుకొనక మరణించు తల్లులు మారుమూల గిరిజన గూడెములలో నేటికిని కలరు. అవసరము లేనిచోట జరిగిన కోత మాత్రము ఆ తల్లికి ఋణమువంటిది. దాని వడ్డీ తరువాతి కాన్పులో చెల్లింపవలసి యుండును. పాత గాయముపై మాయ అంటుకొని ఊడిరాకపోవచ్చును. నొప్పులలో గర్భాశయము ఆ మచ్చకడ చీలవచ్చును. మొదటి కాన్పు కోతయైనచో రెండవదియు కోతయే యగుట మనదేశమున పరిపాటి. కోలుకొనుట ఆలసించును, ముర్రుపాలు ఆలసించును, కూలికి పోవు స్త్రీకి పని ఆలసించును.

దీనికి వైద్యుల ధనాశయొక్కటే కారణమనుట సులభము. అది కొంతవరకు నిజమేమో గాని పూర్తి నిజము కాదు. పంచాంగము చేతబట్టి, ఫలాని ఘడియలో బిడ్డ పుట్టవలెనని వైద్యురాలిని నిర్బంధించు కుటుంబములు మనలోనే కలవు. నొప్పులకు వెరచి, అపరిచితుల నడుమ ఒంటరిగా బల్లపై పరుండి, కోసివేయుడని తానే వేడుకొను చూలాలును కలదు. తొలిచూలు నొప్పులు పన్నెండు గంటలు సాగవచ్చును, అంతకు మించవచ్చును. రోగులు క్రిక్కిరిసిన ఆసుపత్రిలో ఒక్క వైద్యురాలు అంత సేపు ఒక్క మంచముకడ నిలుచుట యెట్లు? కోత గంటలో ముగియును. పురిటిగదిలో ఓపికతో కనిపెట్టుకొని యుండు మనిషి లేకపోవుటయే ఈ రోగమునకు మూలము. ఆ మనిషి పేరే మంత్రసాని.

ఆమె యేమైనది? పూర్వపు మంత్రసానికి చేతి నేర్పు ఉండెను, ఓపిక ఉండెను; శుభ్రతను గూర్చిన జ్ఞానము లేదు. కొడవలితో కోసిన బొడ్డు ధనుర్వాతమునకు దారితీసి పసికందులను పొట్టబెట్టుకొనెను. ఆమెకు శిక్షణ నిచ్చుటకు 1903లోనే విక్టోరియా స్మారక నిధి యేర్పడెను. కాని ఆమె కులమును జూచి గడపకడ నిలిపి, పురుడు పోసిన చేతులనే మైలయని యెంచి, పాతచీరతోను మానెడు గింజలతోను పంపివేసిన సమాజము ఆమెను విద్యావంతురాలిగా నెట్లు చేయగలదు? స్వాతంత్ర్యానంతరము ఏ.ఎన్.ఎం. అను పేర గ్రామమునకు శిక్షణగల మంత్రసాని వచ్చెను. 1973లో కర్తార్ సింగ్ సంఘము ఆమెను బహుళ ప్రయోజన కార్యకర్తగా మార్చుమని సిఫారసు చేసెను. తరువాత రెండేండ్ల శిక్షణ 18 నెలలకు తగ్గెను. టీకాలు, కుటుంబ నియంత్రణ, రిజిస్టర్లు ఆమె దినమును మింగివేసెను. పేరులో మిగిలిన మంత్రసానితనము చేతులలో మిగులలేదు.

అయినను నిరాశ పడనక్కరలేదు. 2017లో తెలంగాణ ప్రభుత్వము, ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యునిసెఫ్ కలిసి కరీంనగరమున నర్సులకు 18 నెలల మంత్రసాని శిక్షణను ఆరంభించినవి. 2018 డిసెంబరులో కేంద్రప్రభుత్వము దేశమంతటికిని ఇట్టి మార్గదర్శకములను వెలువరించినది. ఈ శిక్షణ పొందిన నర్సు గర్భిణిని బల్లకు అంటగట్టదు; నడువనిచ్చును, కూర్చుండనిచ్చును, త్రాగనిచ్చును; తల్లినో అక్కనో ప్రక్కన నుంచును; బిడ్డ గుండెచప్పుడును వేళకు వినుచుండును; రక్తపుపోటు పెరిగి గుర్రపువాతపు ఛాయలు కానవచ్చినంతనే వైద్యురాలిని పిలుచును. అంతర్జాతీయ ప్రమాణములతో చదివిన మంత్రసానులు తల్లికిని నవజాత శిశువునకును అవశ్యకములైన సేవలలో నూటికి 87 పాళ్లు తామే అందింపగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది.

దీనిపై వైద్యుల యాక్షేపణ యొకటి కలదు. అపాయము చెప్పి రాదు, కాన్పు తరువాతి రక్తస్రావము రెండు గంటలలో ప్రాణము తీయగలదు, అపుడు బాధ్యులెవ్వరని వారు ప్రశ్నింతురు. ఇది తోసివేయదగిన ప్రశ్న కాదు. అందుచేతనే మంత్రసాని నడుపు ప్రసూతి విభాగము ఆసుపత్రి లోపలనే, శస్త్రచికిత్సాగారమునకు అందుబాటులో నుండవలెను. ఆమెకు స్వతంత్రాధికారమును, పిలిచినంతనే వచ్చు వైద్యురాలును రెండును కావలెను. అపుడే వైద్యురాలి కత్తి నిజముగ అవసరమైన తల్లికి సకాలమున అందును.

కావలసినవి నాలుగు. శిక్షణ పొందిన మంత్రసానులకు ప్రత్యేక పదవులును, తగిన వేతనమును ఉండవలెను. వారిని ఇతర వార్డులకు త్రిప్పరాదు. ప్రభుత్వమైనను ప్రైవేటైనను ప్రతి యాసుపత్రియు తన కోతకాన్పుల లెక్కను, వాని కారణములతో, బహిరంగముగ ప్రకటింపవలెను. ప్రతి చూలాలికి తన మనిషిని ప్రక్కన నుంచుకొను హక్కు పురిటిగదిలో దక్కవలెను. నాలుగవది మన చేతులలోనిదే: ముహూర్తపు కోతకు మన యింట ఎవ్వరును నోరు తెరువరాదు. 2023లో పార్లమెంటు చేసిన జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టము మంత్రసాని వృత్తికి తన పేరులోనే చోటిచ్చినది. ఆ చోటు పురిటిగదిలోనికి వచ్చునట్లు చేయుట ప్రజల పని.

సోదరులారా, సోదరీమణులారా, తల్లి ప్రాణము నిలుపుకొనుట మనము నేర్చితిమి. ఆమె శరీరమును గౌరవించుట ఇంకను నేర్వవలసి యున్నది. గడపకడ నిలిపిన మంత్రసానిని చదువుతోను, అధికారముతోను, మర్యాదతోను లోనికి పిలిచి పీట వేయుడు. మీ యింటి ఆడబిడ్డకు అంతకంటె మేలైన సారె మరియొకటి లేదు.