రాయబారానికి వెక్కిరింత

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



రెండేళ్ళ క్రిందటి ఉగాదికి యీ వేదికమీదనే మేము అయిదుగురం ఒక ప్రహసనం వేశాము. అంతకుముందు మాలో ఎవరూ నవ్వించడానికని ముఖానికి రంగు పూసుకున్నవారు కారు. ఆ అనుభవం చెప్పమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. మా చదువు మెట్రిక్కుతో ఆగింది. బిల్లులు, రిటర్నులు తప్ప వేరే వ్రాత ఎరుగము. కాబట్టి జరిగినది జరిగినట్టు చెబుతాము.

ప్రహసనం మనకు కొత్తది కాదు. సంస్కృతంలో చెప్పిన పది రూపకాలలో అదొకటి. ఏడవ శతాబ్దంలో కంచిని ఏలిన పల్లవరాజు మహేంద్రవర్మ మత్తవిలాసం అనే ప్రహసనం వ్రాశాడు. తప్పతాగిన కాపాలికుడు తన కపాలం పోగొట్టుకుని బౌద్ధభిక్షువుమీద దొంగతనం మోపుతాడు. తీరా చూస్తే దానిని ఎత్తుకుపోయింది కుక్క! మహారాజే అటువంటిది వ్రాయగా లేనిది గుమాస్తాలకు జంకెందుకు? మన తెలుగులో కందుకూరి వీరేశలింగంగారు కోర్టుల బాగోతంమీద వ్యవహార ధర్మబోధిని వ్రాసి, 1880లో రాజమండ్రిలో విద్యార్థులచేత ఆడించారు. తోలుబొమ్మలాటలో ఎంత యుద్ధం జరుగుతున్నా కేతిగాడూ బంగారక్కా మధ్యలో దూరి తిట్టుకోకుండా ఉండరు గదా.

అయితే మేము తలపెట్టినది ఇంకొక మాదిరిది. అందరూ గౌరవించే నాటకాన్ని తీసుకుని, దాని నడక దానికే ఉంచి, లోపల మాత్రం చిల్లరవ్యవహారం నింపడం. కవిత్వంలో జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రిగారు పేరడీ అని ప్రసిద్ధి చేసిన పని ఇదే. మేము పట్టుకున్నది తిరుపతి వెంకటకవుల పాండవోద్యోగంలోని రాయబారాన్ని. మా కృష్ణుడు హస్తినాపురం స్టేషనుకు వస్తాడు. దుర్యోధనుడు అక్కడ రిజర్వేషను గుమాస్తా. పాండవులకు అయిదూళ్ళైనా ఇమ్మని అడగడానికి బదులు అయిదు బెర్తులైనా ఇమ్మంటాడు కృష్ణుడు. సూదిమొన మోపినంత నేల కూడా ఇవ్వనన్న దుర్యోధనుడు ఇక్కడ, ఆర్.ఏ.సి.లో సగం సీటు కూడా ఇవ్వనంటాడు. విశ్వరూపం దగ్గర కృష్ణుడు వెయిటింగు లిస్టు విప్పుతాడు. ప్రింటరు కాగితం వేదిక దిగి, మొదటి వరుసలో కూర్చున్న పెద్దల కాళ్ళదాకా పోతుంది.

ఇది కాగితంమీద చదువుకుని మేమే పొట్టలు పట్టుకున్నాము. తరువాత హార్మనీకోసం మన రిటైర్డు గార్డు తాతగారి ఇంటికి వెళ్ళాము. ఆయన వయసులో ఉండగా పద్యనాటకాలకు తెల్లవార్లూ హార్మనీ వాయించిన మనిషి. మా కథ విని ఆయన పెట్టె మూత మూసేశారు.

"ఏటర్రా, పద్యాన్ని ఎక్కిరిత్తారా? ముందల మీలో ఒక్కడు పద్యం సరిగ్గా పాడండి, ఇంటాను" అన్నారు.

ఎవరికీ రాలేదు. సినిమాలో విన్న ముక్కలు తప్ప మాలో ఒక్కరికీ పద్యం పూర్తిగా నోటికి రాదు.

"సరిగా పాడటం రానోడు చెడగొట్టడం ఏం చేత్తాడు? రేపట్నించి సాయంత్రం రండి."

అలా మా నవ్వులాటకు మొదటి మెట్టు పద్యాల చదువు అయింది. రెండు నెలలు ఆయన వాకిట్లో కూర్చుని, ఎక్కడ రాగం తీయాలో, ఎక్కడ విరవాలో, ఎక్కడ ఊపిరి పీల్చాలో నేర్చుకున్నాము. రాత్రి డ్యూటీవాడు పగలూ, పగలు డ్యూటీవాడు రాత్రీ. పద్యం వచ్చిన తరువాతనే మాకు తెలిసింది, "దయచేసి వినండి" అనే స్టేషను ప్రకటనను అదే ఫక్కీలో లాగి పాడితే ఎంత నవ్వు వస్తుందో. రాగం ఎంత నిక్కంగా ఉంటే నవ్వు అంత గట్టిది. మేమే నవ్వుతూ పాడితే మాత్రం అది వట్టి అల్లరి.

రిహార్సలుకు క్వార్టర్ల పిల్లలు వచ్చి కూర్చునేవారు. అక్కడ ఇంకొక చిక్కు బయటపడింది. కిరీటం జారితే నవ్వారు. బెర్తులు, సగం సీటు అన్నచోట బొమ్మల్లా చూశారు. ఒక కుర్రవాడు లేచి, "మామా, సగం సీటంటే అందులో నవ్వేటి? మొన్న మేం అలాగే వచ్చాం గదా" అన్నాడు. వాడి మాట న్యాయమే. అయిదూళ్ళ కథ తెలియనివాడికి అయిదు బెర్తులలో హాస్యం ఏమి కనబడుతుంది? యీ జట్నీలో పుట్టిన మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో ఒడియా వ్రాస్తారు. పద్యనాటకం వారు ఎక్కడ విన్నారు? మన వెక్కిరింత మొదటి మూడు వరుసల ముసలివారికి మాత్రమే నవ్వు తెప్పించి, వెనుక కూర్చున్న బిడ్డలను పరాయివాళ్ళను చేసేటట్టుంది.

ఆ రాత్రి చాలాసేపు వాదించుకున్నాము. పురాణం తీసివేసి మామూలు స్టేషను హాస్యం వేద్దామన్నారు ఇద్దరు. చివరకు తాతగారే దారి చూపారు: ముందు పావుగంట అసలు రాయబారం నిఖార్సుగా వేయాలి, వెంటనే మన ప్రహసనం. దానితో మేము అదే దుస్తులలో రెండుసార్లు వేదిక ఎక్కవలసి వచ్చింది. అసలుదానికి మా గుండెలు ఎక్కువ కొట్టుకున్నాయని వేరే చెప్పనక్కరలేదు.

ఎవరిని చూసి నవ్వాలి అన్నది కూడా తేలికగా తెమలలేదు. చింతామణిలో సుబ్బిశెట్టి పాత్ర తమను కించపరుస్తున్నదని ఆర్యవైశ్యులు ఆక్షేపించగా, 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ నాటక ప్రదర్శనలను నిషేధించిన సంగతి మీరెరుగుదురు. ఆ మంచిచెడ్డలు తేల్చడం మా తరం కాదు. మా సమస్య మా గుమ్మంలోనిదే. మన ఒడియా కలిసిన తెలుగును ఒక పాత్రకు పెడితే బాగా పండుతుందని ఒక మిత్రుడు అన్నాడు. పెళ్ళిళ్ళకు విజయనగరమో విశాఖపట్నమో వెళ్ళినప్పుడు మన మాట విని చుట్టాలు ముసిముసిగా నవ్వడం మనకు తెలియనిదా? ఆ నవ్వునే ఇక్కడికి తెచ్చి మన వేదికమీద మనమే పెట్టుకోవాలా అని మిగిలినవాళ్ళం అడ్డం తిరిగాము.

అప్పుడు ద్వారపాలకుడు దొరికాడు. గంజాం జిల్లాలో భారతలీల చూసినవారికి ద్వారి తెలుసును. సుభద్రార్జునుల పెళ్ళికథలో అందరినీ అడ్డగించి హాస్యమాడేది అతడే. మా హస్తినాపురం గుమ్మంలోనూ ఒక ద్వారిని నిలబెట్టి, మన జట్నీ తెలుగు అతనికిచ్చాము. కృష్ణుడికి మాత్రం అచ్చమైన పుస్తకాల భాష. ద్వారి చేయి అడ్డంపెట్టి, "టికే ఆగండి బాబూ" అంటాడు. ఒడియాలో టికే అంటే కాస్త అని మనకందరికీ తెలుసు; ద్వారకనుంచి వచ్చిన కృష్ణుడికి తెలియదు. ఆయన పీతాంబరం మడతలన్నీ వెతికి టికెట్టు తీసి చేతిలో పెడతాడు. ద్వారి మళ్ళీ "టికే" అంటాడు. కృష్ణుడు తిరుగు ప్రయాణం టికెట్టు కూడా తీస్తాడు.

ఇక ఆ రాత్రి సంగతి. తెర వెనుక మా నాలుకలు అట్టలు కట్టాయి. అసలు రాయబారం మర్యాదగా గడిచింది. పద్యానికి ఒకచోట వన్స్‌మోర్ కూడా పడింది, పాడినవాడు నమ్మలేక అలాగే నిలబడిపోయాడు. ప్రహసనం మొదలైన నాలుగు మాటలదాకా సభలో చీమ చిటుక్కుమంటే వినిపించేది. ఆ నిశ్శబ్దం ఎంత బరువో వేదికమీద నిలబడినవాడికే తెలియాలి. ద్వారి "టికే" అన్నాడు. కృష్ణుడు మడతలు వెతికాడు. ముందుగా ఆడవాళ్ళవైపునుంచి ఒక్క కిలకిల, తరువాత వెనుక పిల్లలు, ఆపైన చూడవచ్చిన ఒడియా ఇరుగుపొరుగువారు. నవ్వు ఆగేదాకా మాట అనకూడదని మాకు ఎవరూ నేర్పలేదు. నోరు పెగలక ఆగాము, అదే మంచిదయింది.

మధ్యలో దుర్యోధనుడి మీసం ఒకవైపు ఊడి వ్రేలాడింది. అతడు దానిని తుడిచిపెట్టి, "ఇది కన్‌ఫర్ము, అది వెయిటింగు" అని రెండవవైపు చూపించాడు. వ్రాసినవాటిలో లేని మాట! సగం సీటు దగ్గర, మొన్న లేచి అడిగిన కుర్రవాడే అందరికంటె ముందు నవ్వాడు. మేము చూశాము. తాతగారు మాత్రం హార్మనీ ముందు రాయిలా కూర్చున్నారు. చివరన వెయిటింగు లిస్టు వచ్చి ఆయన పెట్టెకు చుట్టుకున్నప్పుడు బెల్లోస్ వదిలేసి కండువాలో ముఖం దాచుకున్నారు. శ్రుతి ఆగిపోయి మా కృష్ణుడి విశ్వరూపం రాగం లేకుండానే ముగిసింది.

నిరుడు డ్యూటీలు కుదరక వేయలేకపోయాము. యీ దీపావళికి ఘోషయాత్రను పట్టుకుందామని ఉన్నది. పద్యాల క్లాసు తాతగారి వాకిట్లో మళ్ళీ మొదలైంది; పిల్లలు ఏడుగురు వస్తున్నారు, వారికి పద్యాలు ఒడియా లిపిలో వ్రాసి ఇస్తున్నాము. భీముడి వేషానికి మాత్రం మనిషి దొరకలేదు. కాస్త ఒళ్ళున్నవారు, వారానికి రెండు సాయంత్రాలు తీరికగలవారు ఎవరైనా ఉంటే సభ అయ్యాక మాతో ఒక్కమాట చెప్పండి.