అంటుభయము – ఇంటి శుభ్రము

2020 మార్చి నెలాఖరున లాక్‌డౌన్ విధించిన నాటినుండి ఉప్పల్, నాచారం ప్రాంతములలో ఎన్నో ఇండ్లలో పాలప్యాకెట్లు సబ్బునీట స్నానమాడనిదే వంటింటి గడప దాటలేదు. ఇది నవ్వదగిన సంగతి కాదు. కరోనా క్రిమి ప్లాస్టిక్కుపై 3 దినముల వరకు నిలువగలదని ఆ నెలలోనే ఒక పరిశోధన తెలిపినది మరి! అయితే నిలుచుట వేరు, అంటుట వేరు. అది ప్రధానముగా ఊపిరితో వెలువడు తుంపరల ద్వారా, గాలి ద్వారా వ్యాపించునని క్రమముగా తేలినది. కలుషితమైన వస్తువును ఒకసారి తాకినందున అంటు సోకు అవకాశము సాధారణముగా 10,000లో ఒకటికన్న తక్కువయని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రము 2021 ఏప్రిల్‌లో ప్రకటించినది. మన ఉప్పల్ రోడ్డులోనే ఉన్న సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు ఐ.ఐ.సి.టి. వారితో కలిసి 2020లో నగరపు మురుగునీటిలో క్రిమి జాడలు కనుగొనిరి. ఆ జాడలు అంటించునవి కావనియు చెప్పిరి.

ఐనను కొందరికి నేటికిని చేతులు ఎన్నిసార్లు కడిగినను తనివి తీరదు. కడిగినంతనే మనసు కుదుటపడును. ఆ ఊరటయే మరల కడుగుమని పురికొల్పును. చిక్కంతయు ఇక్కడనే ఉన్నది. సబ్బుతో 20 సెకనులు ఒకసారి కడిగి, రెండవసారి కడుగవలెనను కోరికను 10 నిమిషములు వాయిదా వేయుడు, మరునాడు 20. ఆరాటము క్రమముగా తగ్గును. “శుభ్రమైనదా?” అని వారు పదేపదే అడిగినపుడు ఇంటివారు విసుగుకొనరాదు, అట్లని మాటిమాటికి హామీయు ఈయరాదు. బ్లీచింగు నీటిలో మాత్రము ఆసిడు కలుపకుడు; విషవాయువు పుట్టును. చర్మము పగులునంతగా కడుగుచున్నచో 14416కు ఫోను చేయుడు. 2022లో నెలకొల్పిన ఈ టెలీ మానస్ సేవకు రుసుము లేదు, తెలుగులోనే మాటలాడవచ్చును.